కాపలా కాసిన ఓడ: రోథర్‌హామ్ నుంచి రాజ్‌పుత్ దాకా



1971 డిసెంబరులో మన తూర్పు తీరాన్ని కాచిన నావికుల స్మృతికి అంకితమైన ఉపన్యాసమిది. ఈ ఏడు ఆ బాధ్యతను నాకు అప్పగించిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. నౌకాదళంలో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నవారు ఈ సభలో ఉన్నారు. వారి కుటుంబాలవారు ఉన్నారు. హార్బరు కార్మికులు, మత్స్యకార పెద్దలు, కళాశాలల నుంచి వచ్చిన యువతీయువకులు ఉన్నారు. సముద్రాన్ని బతుకుగా చేసుకున్నవారి ముందు సముద్ర యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు ప్రతి మాటా తూచి పలకాలి. ఆ ఎరుకతోనే మొదలుపెడుతున్నాను.

ఈ రోజు నేను ఎంచుకున్నది ఒకే ఒక్క ఓడ చరిత్ర. 1942లో స్కాట్లండులో నీళ్లలోకి దిగి, ‘రోథర్‌హామ్’ పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి, 1949లో ‘ఐఎన్ఎస్ రాజ్‌పుత్’గా మన చేతికి వచ్చి, 1971లో ఇదే విశాఖపట్నం ముంగిట తన జీవితంలోకెల్లా ప్రసిద్ధమైన రాత్రిని గడిపిన డిస్ట్రాయర్ అది. ఆ చరిత్ర ఆధారంగా నేను ప్రతిపాదించదలచిన విషయం ఒకటుంది. యుద్ధనౌక గొప్పతనాన్ని అది ముంచిన ఓడల లెక్కతో కొలవడం మనకు అలవాటు. డిస్ట్రాయర్ విషయంలో ఆ కొలత చాలదు. ఇతరులకు రావలసిన ప్రమాదానికి తాను ఎదురు వెళ్లి నిలబడటమే దాని అసలు సేవ. ఆ సేవను గుర్తించే పద్ధతి నేర్చుకోకపోతే మన నావికుల త్యాగంలో అధిక భాగం మన చరిత్రకు అందకుండా పోతుంది.

డిస్ట్రాయర్ పుట్టుక

1866లో రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఆంగ్ల ఇంజనీరు నీటిలో తనంత తానే పరుగెత్తి పేలే టార్పెడోను రూపొందించాడు. అంతవరకు సముద్రం పెద్ద ఓడల రాజ్యం. వందల మంది నావికులు, మందపాటి ఉక్కు కవచం, భారీ ఫిరంగులు ఉన్న ఓడకు సాటి అలాంటి ఓడే. టార్పెడో ఆ లెక్కను తలకిందులు చేసింది. కొద్దిమంది మనుషులున్న చిన్న పడవ రాత్రిపూట దగ్గరికి వచ్చి మహానౌకను ముంచగలిగే కాలం వచ్చింది. ఆ టార్పెడో పడవలను తరిమికొట్టి పెద్ద ఓడలను కాపాడటానికి వేగంగా కదిలే కొత్త తరహా నౌక అవసరమైంది. 1893లో బ్రిటన్ నీళ్లలోకి దించిన ‘హావోక్’ ఆ తరగతికి తొలి రూపం.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ నౌకకు మరింత బరువైన పని అప్పగించింది. 1914 సెప్టెంబరు 22న ఉత్తర సముద్రంలో ఒకే ఒక్క జర్మన్ జలాంతర్గామి గంటన్నర లోపల మూడు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచింది. అదే రోజు రాత్రి మన బంగాళాఖాతంలో ‘ఎమ్డెన్’ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. నీటి కింద నుంచి, నీటి మీద నుంచి దాడి ఎంత హఠాత్తుగా రాగలదో ప్రపంచానికి ఒకే రోజున తెలిసివచ్చింది. 1917 నాటికి జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడలను ముంచుతున్న వేగానికి బ్రిటన్‌లో తిండిగింజలకే కటకట ఏర్పడే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఓడలను గుంపులుగా కూర్చి, చుట్టూ డిస్ట్రాయర్లను కాపలా పెట్టి నడిపే కాన్వాయ్ పద్ధతిని అమలు చేశారు. నష్టాలు తగ్గాయి. అన్నం, బొగ్గు, మందుగుండు, సైనికులు గమ్యం చేరారు.

ఆ విజయానికి సాక్ష్యంగా చూపడానికి ఏమీ మిగలదు. దాడి జరగలేదు, ఓడ మునగలేదు, సరుకు రేవు చేరింది, అంతే. పంట ఇంటికి చేరాక మంచె మీద రాత్రంతా కూర్చున్నవాడి పేరు ఎవరూ అడగరు. డిస్ట్రాయర్ల చరిత్ర రాసేవారికి మొదటి నుంచీ ఉన్న కష్టం ఇదే. జరిగినదాన్ని నమోదు చేయడం తేలిక. జరగకుండా ఆగినదానికి నమోదు ఉండదు.

కాపలా లేని సముద్రం

కాపలా విలువ అది లేనప్పుడే తెలుస్తుంది. 1942 వసంతంలో బంగాళాఖాతానికి ఆ అనుభవం కలిగింది. మన తీరానికీ కలిగింది.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల పెద్దలకు ‘రంగం’ అంటే రంగూన్. విశాఖ, భీమిలి, కాకినాడ, కోరంగి తీరాల నుంచి తరతరాలుగా మనవాళ్లు ఓడలెక్కి బర్మాకు వెళ్లారు. రేవుల్లో మూటలు మోశారు, వరి మిల్లుల్లో, పొలాల్లో కూలి చేశారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ సేనల వశమైంది. సముద్ర మార్గం మూతపడింది. ఓడల్లో చోటు దొరకని లక్షలాది భారతీయులు అరకాన్ దారిన, మణిపుర్ కొండల దారిన నడిచి వచ్చారు. వేలాదిమంది రోగాలతో, ఆకలితో దారిలోనే చనిపోయారు. ఆ నడకను కథలుగా విన్న కుటుంబాలు మన జిల్లాల్లో నేటికీ ఉన్నాయి. బంగాళాఖాతం మీద ఓడలకు భద్రత కరువైతే ఆ మూల్యం ఎవరు చెల్లిస్తారో ఆ నడక చెబుతుంది.

ఆ ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి ప్రవేశించింది. 5న కొలంబో మీద దాడి చేసి, సముద్రంలో ‘కార్న్‌వాల్’, ‘డార్సెట్‌షైర్’ అనే రెండు పెద్ద క్రూయిజర్లను విమానాలతో ముంచింది. 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ‘ర్యూజో’ అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలవి. 1933లో ప్రారంభమైన మన హార్బరు అప్పటికి ఇంకా పసిది. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణ కేంద్రం రూపు దిద్దుకుంటూ ఉంది. పట్నం వదిలి జనం పల్లెలకు తరలిపోయారు. ఆ రోజుల్లోనే ర్యూజో ఉన్న జపాన్ దళం బంగాళాఖాతంలో దొరికిన సరుకు ఓడలను వరుసగా వేటాడింది. కొద్ది రోజుల్లో 20కి పైగా ఓడలు మునిగాయి. 9న శ్రీలంక తూర్పు తీరాన ‘హెర్మిస్’ అనే బ్రిటిష్ విమానవాహక నౌక, దానికి తోడుగా ఉన్న ఒకే ఒక్క డిస్ట్రాయర్ ‘వాంపైర్’తో సహా మునిగిపోయింది. విమానాలు మోసే నౌక మీద ఆ రోజు విమానాలు లేవు, చుట్టూ చాలినంత కాపలా లేదు. బ్రిటిష్ తూర్పు నౌకాదళంలో అధిక భాగం ఆఫ్రికా తీరంలోని కిలిండిని రేవుకు వెనుదిరిగింది.

విశాఖ మీద బాంబులు పడటానికి కొద్ది రోజుల ముందు, 1942 మార్చిలో, స్కాట్లండులోని క్లైడ్ నది ఒడ్డున జాన్ బ్రౌన్ నౌకానిర్మాణ కేంద్రంలో రోథర్‌హామ్ నీళ్లలోకి దిగింది. ఆ ఓడ ఇరవై తొమ్మిదేళ్ల తరువాత ఏ పట్నం ముంగిట నిలబడబోతోందో అక్కడివారికీ తెలియదు, ఇక్కడివారికీ తెలియదు. కానీ ఆ ఓడనూ ఈ పట్నాన్నీ కలిపిన అవసరం ఒక్కటే. కాపలా లేక అల్లాడిన ఈ సముద్రం మీదికే చివరకు ఆ ఓడ వచ్చింది.

రోథర్‌హామ్ యుద్ధకాలం

రోథర్‌హామ్ ‘ఆర్’ తరగతి డిస్ట్రాయర్లకు నాయక నౌక. పొడవు సుమారు 358 అడుగులు. నాలుగు 4.7 అంగుళాల ఫిరంగులు, ఎనిమిది టార్పెడో గొట్టాలు, జలాంతర్గాముల మీద వేయడానికి డెప్త్ ఛార్జీలు దాని ఆయుధాలు. గంటకు 36 నాట్ల వరకు పరుగెత్తగల యంత్రాలుండేవి. ఆ వేగానికి చెల్లించిన మూల్యం కవచం. డిస్ట్రాయర్ ఒంటి మీద ఉక్కు పలుచన. దెబ్బ తగిలితే తట్టుకోలేదు కనుక తగలకుండా కదలడమే దాని రక్షణ.

ఆ తరగతిలో చేసిన ఒక మార్పును ప్రస్తావించాలి. అంతకుముందు బ్రిటిష్ డిస్ట్రాయర్లలో అధికారుల గదులు వెనుక భాగంలో ఉండేవి. తుఫాను వేళ అలలు ఊడ్చేసే డెక్కు మీదుగా నడిచి వంతెన మీదికి, అంటే ఓడను నడిపే చోటికి, చేరాల్సివచ్చేది. ‘ఆర్’ తరగతిలో ఆ గదులను ముందుకు మార్చారు. సముద్రం మీద నలిగిన అనుభవం నుంచి వచ్చిన మార్పు అది. ఓడల రూపురేఖలు కాగితం మీద నిర్ణయమైనా వాటి వెనుక సముద్రంలో పోయిన ప్రాణాలుంటాయి.

1942 ఆగస్టులో సేవలో చేరిన రోథర్‌హామ్ ఆ తరువాత హిందూ మహాసముద్రానికి వచ్చి తూర్పు నౌకాదళంలో పనిచేసింది. ఆ సేవలో ఎక్కువ భాగం సైనికులతో, సరుకులతో వెళ్లే ఓడలకు తోడు నడవడమే. 1944 ఏప్రిల్‌లో సుమత్రా ఉత్తర కొసన ఉన్న సబాంగ్ మీద జరిగిన దాడిలో పెద్ద యుద్ధనౌకలకు కాపలాగా సాగిన డిస్ట్రాయర్లలో అదీ ఒకటి. 1945 సెప్టెంబరులో సింగపూర్ నౌకాస్థావరాన్ని జపాన్ నుంచి తిరిగి స్వాధీనం చేసుకున్న ఘట్టంలో పాల్గొంది. ఆ స్థావరంలో ఒక ద్వారానికి తరువాత రోథర్‌హామ్ పేరు పెట్టారు. దాని సోదర నౌకలు ‘రిలెంట్‌లెస్’, ‘రోబక్’ 1944 తొలి నెలల్లో జర్మన్ జలాంతర్గాములకు ఇంధనం మోసే రెండు ఓడలను హిందూ మహాసముద్రంలో కట్టడి చేశాయి. ఇంధనం అందక జలాంతర్గాముల వేట కుంటుపడింది. అదీ కాపలాలో భాగమే.

కాపలా అన్న మాట వినడానికి ప్రశాంతంగా ఉంటుంది. సముద్రం మీద అది ఎంత భయంకరమైన నిర్ణయాలను కోరుతుందో చెప్పడానికి అదే కాలపు ఒక ఘటనను మీ ముందుంచాలి. 1944 ఫిబ్రవరి 12న కెన్యాలోని కిలిండిని నుంచి కొలంబోకు వస్తున్న కాన్వాయ్‌లో ‘ఖెదివ్ ఇస్మాయిల్’ అనే సైనిక రవాణా ఓడను మాల్దీవుల దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-27 టార్పెడోలతో కొట్టింది. రెండు నిమిషాల్లో ఓడ మునిగింది. 1,297 మంది చనిపోయారు. వారిలో తూర్పు ఆఫ్రికా ఫిరంగి దళ సైనికులు, నర్సులు ఉన్నారు. ‘పెటార్డ్’, ‘పాలడిన్’ అనే రెండు డిస్ట్రాయర్లు కాపలాగా ఉన్నాయి. బతికి బయటపడినవారు నీళ్లలో ఈదుతున్నారు. జలాంతర్గామి వారి కిందనే పొంచి ఉంది. దాన్ని వదిలేస్తే మిగిలిన ఓడల్లోని వేలమందికి ముప్పు. పెటార్డ్ డెప్త్ ఛార్జీలు వేసింది. ఆ పేలుళ్లకు నీళ్లలో ఉన్నవారిలో కొందరు బలయ్యారు. గంటల తరబడి పోరాడి చివరకు జలాంతర్గామిని ముంచారు. ఆ ఆదేశం ఇచ్చినవారు, అమలు చేసినవారు జీవితాంతం దాన్ని మోశారు. యుద్ధాన్ని వీరగాథగా మాత్రమే చెప్పుకునే సమాజం ఆ బరువును ఎన్నడూ అర్థం చేసుకోలేదు. గెలిచిన ఓడ మీద కూడా దుఃఖం ఉంటుంది.

కొత్త జెండా కింద

యుద్ధం ముగిసింది, దేశం స్వతంత్రమైంది. 1949లో బ్రిటన్ నుంచి మూడు ‘ఆర్’ తరగతి డిస్ట్రాయర్లను భారత్ తీసుకుంది. రోథర్‌హామ్ రాజ్‌పుత్ అయింది, రెడౌట్ రంజిత్ అయింది, రైడర్ రాణా అయింది. సామ్రాజ్యం కోసం కట్టిన ఓడలను స్వతంత్ర దేశం తన కాపలాకు పెట్టుకుంది. కొత్త నౌకాదళానికి అవి బడులు కూడా అయ్యాయి. ఆవిరి యంత్రాల నిర్వహణ, ఫిరంగుల గురి, నీటి కింద శబ్దాన్ని పసిగట్టే సోనార్ పని, రాత్రి వేళ గుంపుగా ఓడలు నడపడం, ఇవన్నీ ఒక తరం భారతీయ నావికులు ఈ ఓడల డెక్కుల మీదే నేర్చుకున్నారు.

1961 డిసెంబరులో గోవా విముక్తి సమయంలో కొత్తగా చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు తోడుగా సాగిన దళంలో రాజ్‌పుత్ ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పదేళ్ల తరువాత రాజ్‌పుత్ విక్రాంత్‌కు మళ్లీ కాపలా కాసింది. కాకపోతే ఈసారి విక్రాంత్‌కు వందల మైళ్ల దూరంలో నిలబడి.

1971 డిసెంబరు

1971లో తూర్పు పాకిస్తాన్ ప్రజలు పోరాడుతున్నారు. కోటి మంది వరకు శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. యుద్ధం వస్తే బంగాళాఖాతాన్ని దిగ్బంధించాల్సిన బాధ్యత తూర్పు నౌకాదళానిది. దాని ప్రధాన బలం విక్రాంత్. బాయిలర్ లోపంతో పూర్తి వేగం అందుకోలేని ఆ నౌకకు కాపలా నౌకలు కూడా తగినన్ని లేవు. 1942లో హెర్మిస్‌కు ఏమైందో నౌకాదళాధికారులకు తెలుసు.

పాకిస్తాన్ దగ్గర బంగాళాఖాతం దాకా రాగల జలాంతర్గామి ఒక్కటే, గాజీ. రెండో ప్రపంచ యుద్ధం చివర అమెరికా ‘డయాబ్లో’ పేరుతో కట్టిన నౌక అది. 1964లో పాకిస్తాన్‌కు చేరింది. కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ నాయకత్వంలో 1971 నవంబరు 14న కరాచీ వదిలింది. శ్రీలంకను చుట్టి ఈ వైపు వచ్చింది. విక్రాంత్‌ను వెతికి ముంచడం, విశాఖ ముఖద్వారం దగ్గర నీటిలో మైన్లు పరచడం దాని పనులు.

తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో ఎవరి కంటా పడని చోట దాచారు. విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువు నమ్మాలి. దాని కోసం ఒక అబద్ధాన్ని కట్టారు. పెద్ద నౌకకు సరిపడా తిండి సరుకులకు ఆర్డర్లు వెళ్లాయి. విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడ్డ తల్లి క్షేమం అడుగుతున్నట్టుగా రహస్య లిపి లేని తంతి సందేశం ఒకటి పంపారు. సేవ ముగింపుకు చేరిన రాజ్‌పుత్‌ను విశాఖకు దాదాపు 160 మైళ్ల దూరాన సముద్రంలోకి పంపి విక్రాంత్ లాగా రేడియో సందేశాలు గుప్పించమన్నారు. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ ఆ నౌకకు నాయకుడు.

రాజ్‌పుత్‌కు అప్పగించిన పని ఎటువంటిదో ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. శత్రువు వెతుకుతున్న నౌక పేరుతో శత్రువును పిలవాలి. శత్రువు నమ్మితే టార్పెడో వస్తుంది. నమ్మకపోతే శ్రమ వృథా. పని సఫలమైతే ప్రమాదం పెరుగుతుంది. పాతికేళ్లు దాటిన యంత్రాలతో, పలుచని ఒంటితో ఆ ఓడ సముద్రంలో గొంతెత్తింది. ఓడలోని ప్రతి నావికుడికీ పన్నాగమంతా తెలిసి ఉండకపోవచ్చు. కానీ ఆ పిలుపు మోసుకొచ్చే ప్రమాదాన్ని వారందరూ పంచుకున్నారు.

డిసెంబరు 3 సాయంత్రం పశ్చిమాన పాకిస్తాన్ విమాన దాడులతో యుద్ధం మొదలైంది. విశాఖలో దీపాలు ఆర్పేశారు. అప్పటికి హార్బరుకు తిరిగివచ్చి ఉన్న రాజ్‌పుత్ ఆ రాత్రి, దారి చూపే హార్బరు పైలట్‌ను ఎక్కించుకుని బయల్దేరింది. ముఖద్వారపు ఇరుకు కాలువలో నెమ్మదిగా సాగే ఓడ జలాంతర్గామికి తేలిక లక్ష్యం. కాలువ దాటగానే ఇందర్ సింగ్ పైలట్‌ను దింపేసి వేగం పెంచమన్నారు. ఎదుట నీటిలో ఏదో కదలిక కనిపిస్తోందని కాపలా నావికుడు చెప్పాడు. నౌక ఆ చోటి మీదుగా వెళ్లి రెండు డెప్త్ ఛార్జీలు వేసింది.

డెప్త్ ఛార్జ్ అంటే 130 కిలోల వరకు పేలుడు పదార్థం నింపిన ఇనుప పీపా. ముందే పెట్టిన లోతుకు చేరగానే నీటి ఒత్తిడికి పేలుతుంది. పేలేలోపు ఓడ వేగంగా దూరం పోకపోతే ఆ దెబ్బ తనకే తగులుతుంది. జలాంతర్గామికి నిజంగా హాని జరగాలంటే అతి దగ్గరగా పేలాలి. అందుకే ఈ ఆయుధం ఎన్నోసార్లు తప్పింది, కొన్నిసార్లే తగిలింది. రాజ్‌పుత్ పెద్ద కుదుపును అనుభవించింది. తరువాత ఏమీ కనబడక తనకు అప్పగించిన దారిన సాగిపోయింది. అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు విశాఖ తీరం ఒక మహా విస్ఫోటాన్ని విన్నది. కిటికీ అద్దాలు అదిరాయి. మరునాడు మత్స్యకారులకు నీళ్లలో శకలాలు, ఒక లైఫ్ జాకెట్ దొరికాయి. నౌకాదళ గజ ఈతగాళ్లు దిగి చూస్తే అది గాజీ. దాని ముందు భాగం ఛిద్రమై ఉంది. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

అదే డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి ప్రారంభించాయి. 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి. ఆ పన్నెండు రోజులూ విక్రాంత్ మీద ఒక్క టార్పెడో కూడా రాలేదు.

వివాదం, దాని విలువ

గాజీ ఎలా మునిగింది? రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్లనే అని భారత నౌకాదళం ప్రకటించింది. జలాంతర్గామి తాను పరుస్తున్న మైన్లలో ఒకటి పేలి మునిగిందని పాకిస్తాన్ నౌకాదళ కథనం. లోపలే పేలుడు సంభవించి ఉండవచ్చని విశ్లేషించినవారు మన నౌకాదళ చరిత్రకారుల్లోనూ ఉన్నారు. ముందు భాగం ఛిద్రమైన తీరు ఆ ఆలోచనకు తావిచ్చింది. డెప్త్ ఛార్జీల దెబ్బకు లోపలి మైన్లు పేలి ఉంటాయనేవారూ ఉన్నారు.

ఈ వివాదాన్ని తేల్చడానికి నేను ఇక్కడ నిలబడలేదు. వివాదం ఉన్నదని మన పిల్లలకు నిజాయితీగా చెప్పగల ధైర్యం మనకుండాలని చెప్పడానికి నిలబడ్డాను. రాజ్‌పుత్ గౌరవమంతా ఆ రెండు డెప్త్ ఛార్జీల మీదే ఆధారపడి ఉందనుకుంటే ప్రతి కొత్త ఆధారానికీ మనం భయపడాలి. ఆ భయం అక్కరలేదు. గాజీని ముంచింది డెప్త్ ఛార్జ్ అయినా, మైన్ అయినా, లోపలి ప్రమాదమే అయినా, గాజీ ఆ రాత్రి విశాఖ ముంగిట ఉండటానికి ఒక ముఖ్య కారణం విక్రాంత్ ఇక్కడుందన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టినవారిలో రాజ్‌పుత్ ముందుంది. గాజీ ఇక్కడ ఉన్నన్ని రోజులూ అండమాన్‌లో విక్రాంత్ క్షేమంగా ఉంది. గాజీ మునగకముందే రాజ్‌పుత్ తన కాపలాను నెరవేర్చింది.

నేను మొదట చెప్పిన ప్రతిపాదనకు ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తెలియదు. ముంచిన లెక్కతో చూస్తే రాజ్‌పుత్ కథ ఒక ప్రశ్నార్థకం దగ్గర ఆగిపోతుంది. కాపాడిన లెక్కతో చూస్తే అది సంపూర్ణం. విక్రాంత్ మీది వెయ్యి మందికి పైగా నావికులు, ఆ నౌక వల్ల సాధ్యమైన దిగ్బంధం, ఈ హార్బరు, ఈ ఊరు, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

ఆ లెక్కలో నౌకాదళం ఒక్కటే లేదు. చీకట్లో ఓడను కాలువ దాటించిన హార్బరు పైలట్ ఉన్నాడు. దీపాలార్పుకుని రాత్రులు గడిపిన పట్నం ఉంది. నీళ్లలో తేలిన శకలాలను చూసి, వాటి అర్థం గ్రహించి అధికారులకు అందించిన జాలర్లు ఉన్నారు. సముద్రం మీద ఏ మార్పు వచ్చినా ముందుగా పసిగట్టేది వారి కళ్లే. కాపలా అనేది ఓడతో మొదలై ఓడతో ముగిసే పని కాదు. తీరం మొత్తం అందులో భాగస్వామి.

2017లో ‘ఘాజీ’ పేరుతో మన భాషలో సినిమా వచ్చాక లక్షల మందికి ఈ కథ చేరింది. ఒక భారత జలాంతర్గామి గాజీతో తలపడినట్టు ఆ చిత్రం కల్పించుకుంది. కళకు ఆ స్వేచ్ఛ ఉంది. అయితే సినిమా చూసి బయటికి వచ్చిన యువకుడికి రాజ్‌పుత్ పాత్ర ఎంతటిదో తెలియజెప్పే పుస్తకం తెలుగులో దొరకాలి. అది కళాకారుల పని కాదు. చరిత్రకారులది, విశ్వవిద్యాలయాలది, మనది.

ఒక యుగం ముగింపు

1971 యుద్ధం డిస్ట్రాయర్ల చరిత్రలో ఒక పెద్ద మలుపు. 1967 అక్టోబరులోనే ఈజిప్టు క్షిపణి పడవలు ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ‘ఐలాత్’ను ముంచాయి. అదీ బ్రిటన్‌లో కట్టిన యుద్ధకాలపు నౌకే. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవ ‘నిర్ఘాత్’ కరాచీ దగ్గర పాకిస్తాన్ డిస్ట్రాయర్ ‘ఖైబర్’ను ముంచింది. 200 మందికి పైగా చనిపోయారు. బ్రిటన్‌లో ‘కాడిజ్’ పేరుతో పుట్టిన నౌక అది. రెండు దేశాల పాత డిస్ట్రాయర్లు ఒకే పాలకుల దగ్గర నుంచి వచ్చినవి, ఒకే శిక్షణలో ఎదిగినవారి చేతుల్లో నడిచినవి. డిసెంబరు 9న డయ్యూ దగ్గర మన ‘ఖుక్రి’ని పాకిస్తాన్ జలాంతర్గామి ‘హంగోర్’ ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఖుక్రి జలాంతర్గాములను వేటాడటానికే కట్టిన నౌక. రాజ్‌పుత్ తలకెత్తుకున్న ప్రమాదం ఎంత నిజమైనదో ఖుక్రి మరణం చెబుతుంది.

రాజ్‌పుత్‌ను ఆ తరువాత సేవ నుంచి తప్పించి 1976లో తుక్కుగా విడగొట్టారు. పేరు మాత్రం నిలిచింది. 1980 మే 4న సోవియట్ యూనియన్‌లో కట్టిన రెండో రాజ్‌పుత్ నౌకాదళంలో చేరింది. 41 ఏళ్లు పనిచేసి 2021 మే 21న ఇదే విశాఖ నౌకాదళ డాక్‌యార్డులో విశ్రమించింది. ఆ సంవత్సరమే నవంబరు 21న మన నగరం పేరుతో ‘ఐఎన్ఎస్ విశాఖపట్నం’ అనే కొత్త డిస్ట్రాయర్ సేవలో చేరింది. క్షిపణులు, రాడార్లు, కంప్యూటర్లు మారాయి. పెద్ద ఓడకూ ప్రమాదానికీ నడుమ నిలబడే పని మారలేదు.

మన కర్తవ్యం

ఈ చరిత్ర మనకు అప్పగిస్తున్న పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, బతికి ఉన్నవారి జ్ఞాపకాలను వెంటనే నమోదు చేయడం. 1971లో ఇరవై ఏళ్లున్న నావికులు, హార్బరు కార్మికులు, జాలర్లు నేడు వృద్ధులు. వారి మాటలను వారి మాండలికంలోనే రికార్డు చేసి గ్రంథాలయాల్లో భద్రపరచాలి. ఇంజన్ గదిలో పనిచేసినవాడి కథ, వంట గదిలో పనిచేసినవాడి కథ కూడా రాయాలి. యుద్ధ చరిత్రల్లో వాళ్లకు చోటు దొరకడం అరుదు.

రెండోది, 1996లో మన సముద్ర తీరాన వెలసిన విజయ స్మారకం దగ్గరికి పిల్లలను తీసుకెళ్లినప్పుడు గెలుపుతో పాటు కాపలా గురించి కూడా చెప్పడం. 1942లో బాంబులు పడ్డ ఊరు 1971లో ఎలా నిలబడిందో ఒకే కథగా చెప్పాలి.

మూడోది, గాజీలో మరణించినవారిని మనుషులుగా గుర్తుంచుకోవడం. వారు మన శత్రు దేశపు నావికులు, తమ కర్తవ్యం నిర్వర్తిస్తూ మన నీళ్లలోనే శాశ్వతంగా ఉండిపోయారు. ఓడ శకలాన్ని సమాధిగా గౌరవించడం ప్రపంచమంతటా నావికుల మధ్య ఉన్న మర్యాద. ఆ మర్యాదను పాటిస్తే మన విజయం చిన్నబోదు. ఖెదివ్ ఇస్మాయిల్ నుంచి ఖుక్రి దాకా సముద్రం ఏ పక్షం వారి పట్లా కనికరం చూపలేదు. చూపవలసినది మనుషులే.

చివరగా ఒక మాట. దేశాలు తమ వీరులను ఎంచుకునే తీరులోనే వాటి స్వభావం బయటపడుతుంది. శత్రువును కొట్టినవారిని మాత్రమే గౌరవించే దేశం యువతకు కొట్టడమే నేర్పుతుంది. ఇతరుల మీద పడబోయే దెబ్బకు ఎదురు నిలిచినవారిని గౌరవించే దేశం బాధ్యత నేర్పుతుంది. రాజ్‌పుత్ నావికులు రెండో పాఠానికి చెందినవారు. గాజీని ముంచింది ఎవరన్నది భవిష్యత్తు ఎలా తేల్చినా, ఆ నావికులకు మనం బాకీపడ్డ గౌరవం తగ్గదు. దాన్ని తెలుగులో, ఆధారాలతో, తడబాటు లేకుండా రాసిపెట్టే బాధ్యతను ఈ సభ స్వీకరించాలని కోరుతున్నాను.